టిక్కు ఆగేదాకా

భుయ్యాడీహ్, జంషెడ్‌పూర్
12 జూలై 1981

అప్పన్న బావకి,

ఆదిబాబు నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం. అక్క కూడా క్షేమం. ఆ మాట ముందు రాయకపోతే నువ్వు మిగతాది చదవవని మా ఆవిడ నూకాలమ్మ అంటోంది. నువ్వు ముందు పని సంగతే వెతుక్కుంటావని నేను పందెం కట్టాను.

కాబట్టి పని సంగతి. బారీడీహ్‌లో ఉండే శాంతకుమార్ మాస్టారు నీకు గుర్తుండాలి. నువ్వు ఇక్కడ షెడ్డు నడిపే రోజుల్లో ఆదివారం చర్చి నుంచి వస్తూ నల్ల ఆస్టిన్ కారు ఆపి, “అప్పన్నా, ముసలాడికి ఆయాసంగా ఉంది, కాస్త చూడు” అనేవారు. ఆ ముసలాడు ఇంకా బతికే ఉన్నాడు. మాస్టారే రిటైరయ్యారు. భీమునిపట్నంలో స్థిరపడతారట. కారుని గూడ్సు బండిలో వేద్దామంటే ఒప్పుకోవడం లేదు, తనే నడుపుకుంటూ వెళ్తానంటున్నారు. భార్య సువర్ణకుమారి గారికి మోకాళ్ళు వంగవు, ఆయనకి కళ్ళు అంతంత మాత్రం. ఇద్దరికీ పట్టుదల మాత్రం బాగా ఉంది.

ఇంజను పక్కనుండే పెట్రోలు పంపు పోయింది. లోపలి రబ్బరు చిరిగింది. అలాంటిది ఈ దేశంలో దొరకదు. నేను ట్యూబు ముక్క కోసి వేస్తే మానగో వంతెన దాకా వెళ్ళి ఆగిపోయింది. చివరికి ఎవరో కలకత్తా పాత సామాన్ల బజారు నుంచి ఒక ఎలక్ట్రిక్ పంపు తెచ్చి ఇచ్చారు. హార్లిక్సు సీసా అంత ఉంది. నేను ఇలాంటి దానికి ఎప్పుడూ తీగ కలపలేదు. ఎలా కలపాలో వివరంగా రాయి.

అక్క టిన్ను పెట్టెతో వచ్చి నెల దాటింది. వచ్చిన రోజు “పది రోజులుండి ఎలిపోతాను” అంది. ఇప్పుడు ఆ మాట ఎత్తితే చేటలో బియ్యం గట్టిగా చెరుగుతుంది. మీ మధ్య ఏం జరిగిందో నేను అడగలేదు, నువ్వూ రాయలేదు. ఇప్పుడు కూడా, బావకి ఏమైనా రాయమంటావా అంటే, “రాయడానికేటుంది. మీ ఇద్దరూ పంపు ఊసు రాసుకోండి” అంది. అందుకని పంపు ఊసు రాశాను.

ఆది


ఇచ్ఛాపురం
20 జూలై 1981

ఆదికి,

ఉత్తరం అందింది. పందెం నువ్వే గెలిచావని నూకాలమ్మతో చెప్పు.

ఎలక్ట్రిక్ పంపుకి భయపడక్కర్లేదు కానీ దాన్ని నమ్మకూడదు. పాత పంపు ఇంజను తిరిగితేనే పనిచేస్తుంది, ఇంజను ఆగితే అదీ ఆగుతుంది. ఇది అలా కాదు. కరెంటు అందితే చాలు, ఇంజను ఆగినా, కారు గోతిలో పడినా పెట్రోలు తోడుతూనే ఉంటుంది. అందుకని దాని జుట్టు కీ చేతిలో పెట్టాలి. బ్యాటరీ నుంచి తీగ ముందు ఫ్యూజుకి, అక్కణ్ణుంచి కీకి, కీ నుంచి పంపుకి వెళ్ళాలి. డ్యాష్‌బోర్డు కింద చిన్న స్విచ్చి ఒకటి అదనంగా పెట్టు. రేకులోంచి తీగ దూరే చోట రబ్బరు రింగు వెయ్యి, లేకపోతే రాసుకుని రాసుకుని తీగ బోసిపోతుంది. ఆ ఇంగ్లీషు కార్లలో ప్లస్ బాడీకి ఉంటుంది, మన లారీల్లా మైనస్ కాదు. చూసి కలుపు. నీకు చూడకుండా కలపడం అలవాటు.

అన్నిటికంటే ముఖ్యమైనది చెబుతాను. కీ తిప్పగానే పంపు టిక్కు టిక్కుమని గబగబా కొడుతుంది. కార్బొరేటర్ గిన్నె నిండితే లోపలి ముల్లు దారి మూసేస్తుంది, టిక్కు ఆగిపోతుంది. ఆగితే బాగున్నట్టు. ఆగకుండా కొడుతోందంటే ముల్లు ఇరుక్కుని ఎక్కడో పెట్రోలు కారిపోతోందన్నమాట. అప్పుడు కారణం వెతుక్కుంటూ నిలబడకు. చుట్టుపక్కల బీడీ నిప్పు కూడా లేకుండా చూసి బ్యాటరీ తీగ పీకెయ్యి. ఆలోచన తర్వాత.

ఇక్కడ వానలు సరిగా లేవు. పిల్లి ఈనింది, నాలుగు పిల్లలు, నా పాత షెడ్డు చొక్కా మీద. కుట్టు మిషను మోటారు తిరిగి దాని చోట బిగించేశాను. బాగానే తిరుగుతోంది. ఎవరైనా అడిగితే చెప్పు.

అప్పన్న


భుయ్యాడీహ్
9 ఆగస్టు 1981

బావకి,

నీ ఉత్తరం అన్నం తిన్నాక అందరి ముందూ పైకి చదివాను. అక్క మా వైపు వీపు పెట్టి బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చుంది. మా చిన్నది వెళ్ళి “అత్తా, తుమ్ సున్ రహీ హో క్యా?” అని, వింటున్నావా అని హిందీలో అడిగితే, “నాకేటి పని, మీ నాన్న సదువుకుంటన్నాడు” అంది. చదవడం అయిపోయాక మాత్రం, “ఆ కాయితం మొదట్నించీ మళ్ళీ సదువు” అంది. రెండోసారి కూడా రాళ్ళు ఏరింది. ఆ బియ్యంలో అన్ని రాళ్ళు లేవు బావా.

మోటారు సంగతి చదివినప్పుడు నూకాలమ్మ పట్టు పట్టి అడిగితే అప్పుడు బయటపడింది. పెళ్ళిళ్ళ రోజుల్లో, ఊళ్ళోవాళ్ళ జాకెట్లు ఇంత ఎత్తున కుట్టడానికి ఉన్నప్పుడు, అడక్కుండా ఆమె మిషను మోటారు విప్పి డైనమోలు సాన పట్టే చక్రానికి బిగించావట కదా. అదేమంటే, “నీ జాకెట్లు ఆగితే ఎవుడి కొంప మునిగిపోద్ది” అన్నావట. మోటారు విప్పినందుకు కాదు బావా, ఆ మాటకి వచ్చింది అక్క. నేను చిన్నవాణ్ణి, ఇంతకంటే రాయకూడదు.

పంపుని రేకు గోడకి బిగించాను. బ్యాటరీ నుంచి తీగ ఇచ్చి చూస్తే ఒకసారి కొడుతుంది, పదిసార్లు పలకదు. మూత విప్పాలంటే భయంగా ఉంది. పాడైతే ఇంకోటి దొరకదు. మాస్టారు రోజూ వచ్చి స్టూలు మీద కూర్చుని, ఏమీ అడగకుండా నా వైపే చూస్తుంటారు. అడిగినా బాగుండును. దీన్ని ఏం చెయ్యాలి?

ఆది


ఇచ్ఛాపురం
18 ఆగస్టు 1981

ఆదికి,

మూత విప్పు. లోపల రెండు చిన్న పాయింట్లు ముక్కూ ముక్కూ రాసుకుంటూ ఉంటాయి. ఏళ్ళ తరబడి ఊరికే పడి ఉంటే వాటి మీద నల్లగా పొర కడుతుంది. కరకర గీకకు. దళసరి కాగితం ముక్క మధ్యలో పెట్టి మెల్లగా లాగు. పలుకుతుంది.

బ్యాటరీ నుంచి తీగ ఇచ్చి చూశానని రాశావు. ఆ మాట నాకు నచ్చలేదు. ట్రయల్‌కి అని డైరెక్టుగా లాగుతావు, పని చేసిందన్న సంతోషంలో దాన్ని అలాగే ఉంచేస్తావు. నీ పని ఎప్పుడూ ముప్పాతిక దగ్గర కూర్చుండిపోతుంది. ఫ్యూజు, కీ, స్విచ్చి మూడూ బిగించి, టిక్కు ఆగడం చెవులారా విని, అప్పుడు బండికి దండ వేసి పంపు. దారి పొడుగునా మట్టి రోడ్డు. దుమ్ము చేరితే ముల్లు ఇరుక్కోవడం ఖాయం.

మిగతా సంగతి చదివాను. పిల్లి పిల్లలు కళ్ళు తెరిచాయి. వాటికి పాలు ఎంత పొయ్యాలో నాకు తెలియడం లేదు.

అప్పన్న


భుయ్యాడీహ్
14 సెప్టెంబరు 1981

బావకి,

పలికింది. నువ్వు చెప్పినట్టే కాగితం లాగితే చక్కగా పలికింది. గిన్నె నిండగానే ఆగింది కూడా. మాస్టారు స్టూలు మీంచి లేచి నా భుజం తట్టారు. ఇక ఫ్యూజు, కీ తీగ, స్విచ్చి బిగించడం ఒక్కటే మిగిలింది. కొత్తవి సాక్చీ బజారులో కొన్నాను. పండగ పని మధ్యలో చెయ్యి తీరడం లేదు. విశ్వకర్మ పూజ పదిహేడున కదా, పద్దెనిమిదిన కూర్చుని పూర్తి చేసేస్తాను. మాస్టారు పంతొమ్మిదిన బయల్దేరతారు. దారిలో కటక్‌లో వాళ్ళ చెల్లెలి ఇంట్లో కొన్నాళ్ళు ఆగి, మీ ఊరి మీదుగానే వెళ్తారు.

నీకు రాయాల్సింది ఇంకొకటి ఉంది. రాయనని ఒట్టు వేయించుకున్నారు. కాబట్టి రాయను. నువ్వు మాత్రం గడ్డం గీసుకుని ఉండు.

ఆది


టెలిగ్రాం
జంషెడ్‌పూర్, 18 సెప్టెంబరు

శాంతకుమార్ కారు నిన్ననే బయల్దేరింది. మీ ఊరు రాగానే ఆపు. కీ తీసినా పంపు ఆగదు. బ్యాటరీ తీగ తీసెయ్యి. ఆది


ఇచ్ఛాపురం
19 సెప్టెంబరు 1981

ఆదికి,

పద్నాలుగున నువ్వు రాసిన ఉత్తరమూ నిన్నటి టెలిగ్రామూ ఒకే పోస్టుమాను చేతిలో వచ్చాయి. ఒక దాంట్లో పద్దెనిమిదిన పని పూర్తి చేస్తానంటావు, రెండో దాంట్లో పదిహేడునే కారు వెళ్ళిపోయిందంటావు. నువ్వు ఏం చేశావో నువ్వు చెప్పక్కర్లేదు. డైరెక్టు తీగ అలాగే ఉంది.

ఇద్దరు ముసలివాళ్ళని అలాంటి బండిలో పంపడానికి నీకు చేతులెలా వచ్చాయి? ఇంత నేర్పింది ఇందుకా? ఇప్పుడు నన్ను హైవే మీద నిలబడి వచ్చే పోయే కార్లని ఆపమంటావా? ఆ మాస్టారు నా ఊళ్ళో ఎందుకు ఆగుతారు? నా ఇంటికొచ్చే పని ఆయనకేముంది?

ఆ ఒట్టు సంగతేమిటి? గడ్డం ఎందుకు గీసుకోవాలి? తిరుగు టపాలో రాయి. ఏమీ దాచకు.

అప్పన్న


భుయ్యాడీహ్
20 సెప్టెంబరు 1981

బావకి,

రెండు రోజులుగా ఒట్టుతో కొట్టుకున్నాను. ఇక ఉంచుకోలేను. ఆ కారులో అక్క ఉంది.

సువర్ణకుమారి గారికి దారిలో సాయం కావాలన్నారు. అక్క తనే ముందుకొచ్చింది. “ఎలాగూ ఆ ఊరి మీంచే ఎల్తారు కదా, నన్ను ఇంటికాడ దించేత్తారు. మీ బావకి మాత్రం రాయకు. నాను గుమ్మంలో నిలబడితే ఆ మొకం ఎలాగుంటాదో సూడాల” అంది. ఆ మాట అన్నప్పుడు మూడు నెలల తర్వాత మొదటిసారి నవ్వింది. అందుకే ఒట్టు వేశాను. టెలిగ్రాంలో కూడా రాయలేకపోయాను, నన్ను క్షమించు.

ఎలా జరిగిందో రాస్తాను. పూజ ముందు రోజు సాయంత్రం పనిముట్లన్నీ కడిగి, సిందూరం పెట్టి, విశ్వకర్మ పటం ముందు పళ్ళెంలో పేర్చాను. ఆ కొత్త ఫ్యూజునీ స్విచ్చినీ కూడా వాటితో పాటే పెట్టాను. కొత్తవి కదా, పూజ అయ్యాకే బండికి బిగిస్తే మంచిదనిపించింది. పూజ రోజు మనం స్క్రూడ్రైవరు కూడా ముట్టుకోమని నీకు తెలుసు.

పూజయ్యాక షెడ్డులో ఉన్న ప్రతి బండికీ దండ వేశాను. చక్రాలు లేని జీపుకీ వేశాను, ఆస్టిన్‌కీ వేశాను. అక్కడే ముంచుకొచ్చింది. పని పూర్తయిన బండికే బంతిపూల దండ వేసి బయటికి పంపాలని నువ్వు పెట్టిన పద్ధతి మాస్టారు ఇన్నేళ్ళుగా చూస్తున్నారు. దండ ఉంటే బండి తయారని ఆయన లెక్క. ఆ ఒక్క రోజు అన్నిటికీ వేస్తామని ఆయనకి తెలీదు, పండగ రోజు ఎప్పుడూ షెడ్డుకి రాలేదు. ఆ రోజు క్వార్టరు ఖాళీ చేసి తాళం ఇచ్చేసి అటుగా వచ్చారు. దండ చూశారు. నేను నూకాలమ్మనీ పిల్లల్నీ తీసుకుని స్టీలు కంపెనీ లోపల పూజలు చూపించడానికి వెళ్ళాను. కీ ఎప్పటిలా గోడ మేకుకే ఉంది. ఆయన తీసుకుని, మా ఇంటి ముందు హారను కొట్టి, అక్కని ఎక్కించుకున్నారు. నేను పూర్తి చేసే ఉంటానని అక్క కూడా అనుకుని ఉంటుంది.

మేం తిరిగి వచ్చేసరికి అక్క పెట్టె లేదు. రెండు రోజులు ముందు వెళ్ళిపోయిందని బాధపడ్డాం తప్ప భయం వెయ్యలేదు. మర్నాడు పళ్ళెంలోంచి పనిముట్లు తీస్తుంటే ఫ్యూజూ స్విచ్చీ చేతికి వచ్చాయి. వాటి మీద సిందూరం బొట్టు. అలాగే టెలిగ్రాం ఇవ్వడానికి పోస్టాఫీసుకి పరిగెత్తాను.

కటక్‌లో ఆ చెల్లెలి ఇల్లు ఎక్కడో తెలీదు. మిషన్ కాంపౌండ్ అని మాస్టారు అనేవారు, అంతే. ఆ పేరు మీదే అక్కడికీ ఒక టెలిగ్రాం ఇచ్చాను. బారీడీహ్ చర్చిలో అడిగితే కొత్త పాస్టరుగారు తనకి తెలీదన్నారు. బావా, నాకు ఆ టిక్కు చెవిలో వినబడుతూనే ఉంది.

ఆది


ఇచ్ఛాపురం బస్టాండు
24 సెప్టెంబరు 1981

ఆదికి,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. బస్టాండులో నిలబడి ఈ కార్డు రాస్తున్నాను. బరంపురం బస్సు వస్తోంది. రోడ్డు పట్టుకుని కటక్ వైపు వెళ్తాను. పెట్రోలు బంకుల్లో, టీ హోటళ్ళలో అడుగుతూ వెళ్తాను. నల్ల ఆస్టిన్‌ని చూసినవాడు మర్చిపోడు.

ఆ దండ పద్ధతి నేను పెట్టిందే. నిన్ను తిట్టడానికి నోరు రావడం లేదు. నాకు భయంగా ఉందిరా.

అప్పన్న


భుయ్యాడీహ్
25 సెప్టెంబరు 1981

బావకి,

నీ దగ్గర్నుంచి పంతొమ్మిదిన రాసినదే అందింది. ఆ తర్వాత ఏమీ లేదు. నువ్వు తిట్టిన తిట్లన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఇంకా తిట్టు, కానీ ఏదో ఒకటి రాయి. కటక్ టెలిగ్రాం చిరునామా చాలదని వెనక్కి వచ్చింది.

షెడ్డు తెరిచాను కానీ పని ముట్టుకోలేదు. నిన్న ఒక లారీ వాడు హెడ్‌లైటు వెలగడం లేదని వచ్చాడు. ఇంకో షెడ్డుకి పొమ్మన్నాను. నూకాలమ్మ నాతో మాట్లాడ్డం లేదు. అన్నం పెట్టి పక్కకి తిరుగుతుంది. ఆమె కోపం నా మీదో, ఒట్టులో తనూ చేరినందుకు తన మీదో తెలీదు. అక్క చేటలో రాళ్ళు ఏరుతూ కూర్చునే చోట మా చిన్నది కూర్చుని, “అత్తా ఘర్ పహుంచ్ గయీ?” అని అడుగుతోంది. ఇంటికి చేరిపోయింది అని చెప్పాను. ఆ అబద్ధం చెప్పాక బయటికి వెళ్ళి కూర్చున్నాను.

మాస్టారు ఎక్కడ ఆగినా సువర్ణకుమారి గారికి టీ కావాలి. కారు పక్కనే స్టవ్ వెలిగించి టీ పెట్టుకోవడం వాళ్ళకి అలవాటు. పిక్నిక్‌లకి వెళ్ళినప్పుడు నేనే చూశాను. ఈ సంగతి నిన్న గుర్తొచ్చింది. రాయకుండా ఉండలేక రాస్తున్నాను.

ఒక్క ముక్క రాయి.

ఆది


ఇచ్ఛాపురం
27 సెప్టెంబరు 1981

ఆదికి,

అందరూ క్షేమం అని నిన్న ఇచ్చిన టెలిగ్రాం ఈపాటికి అంది ఉంటుంది. ఇప్పుడు స్థిమితంగా రాస్తున్నాను. నూకాలమ్మకి కూడా చదివి వినిపించు, నీతో మాట్లాడుతుంది.

బరంపురంలో మూడు బంకులు అడిగాను, ఎవరూ చూడలేదన్నారు. ఛత్రపురంలో అడిగాను. గంజాం వంతెన దగ్గర ఒక లారీ ఆపి ఎక్కాను. డ్రైవరు బీడీ వెలిగించినప్పుడల్లా ముఖం తిప్పుకునేవాణ్ణి. ఎదురుగా నల్ల కారు ఏది వచ్చినా లేచి నిలబడేవాణ్ణి. రోడ్డు పక్కన ఎక్కడైనా కాలిన మచ్చ కనిపిస్తే కళ్ళు మూసుకునేవాణ్ణి. ఎవరో చెత్త కాల్చుకున్న మచ్చలే అన్నీ. అయినా మూసుకున్నాను.

రంభలో, చిలకా సరస్సు కనబడే చోట ఒక టిఫిను హోటలు ఉంది. దాని ముందు చింతచెట్టు నీడలో కారు ఆగి ఉంది. ముందు ఎండిపోయిన బంతిపూల దండ. బానెట్ పైకి లేపి ఉంది. మాస్టారు పేపరు చదువుతున్నారు. అమ్మగారు టిన్ను పెట్టె మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. మీ అక్క కారుకి దూరంగా, ఒడిలో స్టవ్ పెట్టుకుని కూర్చుంది. దాన్ని ఎవరికీ ఇవ్వనన్నట్టు రెండు చేతులా పట్టుకుంది.

నేను ముందు ఇంజను దగ్గరికి వెళ్ళాను. బ్యాటరీ తీగ ఊడదీసి ఉంది. దాని కొసకి చీర చెంగు చింపి చుట్టి ఉంది, దేనికీ తగలకుండా. కార్బొరేటర్ కింద రేకంతా పెట్రోలు వాసన.

జరిగింది ఇదీ. కటక్ దాకా ఏ ఇబ్బందీ లేదు. అక్కణ్ణుంచి బయల్దేరాక రోడ్డు పని జరుగుతున్న చోట దుమ్ములో చాలాసేపు వచ్చారు. రంభలో కారు ఆపి, మాస్టారు కీ తీసి జేబులో వేసుకున్నారు. అమ్మగారు టీ పెడదామని కారు పక్కనే స్టవ్ దించి అగ్గిపెట్టె తీశారు. కీ లేని కారులోంచి టిక్కు టిక్కుమని వినబడుతోంది. మీ అక్క విని, ఆగుతుందేమోనని చూసిందట. ఆగలేదు. అమ్మగారి చేతిలో అగ్గిపెట్టె లాక్కుని, స్టవ్ అవతల పెట్టి, హోటలు ముందు బీడీ కాలుస్తున్న వాళ్ళని కేకలేసి తరిమి, బానెట్ లేపించి తీగ పీకేసింది. నిప్పురవ్వ ఒకటి లేచిందట. మెకానిక్కు దొరికేదాకా మళ్ళీ తగిలించనివ్వనని అందరినీ అక్కడే కూర్చోబెట్టిందట. ఆ తీగ గట్టిగా బిగించి ఉంటే ఆమె చేతికి ఊడేది కాదు. నువ్వు ఎప్పటిలా వదులుగా బిగించావు. నీ వదులు పని జన్మలో ఒక్కసారి పనికొచ్చింది.

“నీకెలా తెలిసింది?” అని అడిగాను. మూడు నెలల తర్వాత ఆమెతో నేనన్న మొదటి మాట అదే. నా సంగతి నీకు తెలుసు కదా.

ఆమె నా వైపు చూడకుండా చెప్పింది. “నువ్వు రాసిన ఉత్తరాలు వాడు సదివితే ఇన్నాను. నా ఊసు ఎక్కడొత్తాదా అని మొదట్నించీ సివరిదాకా ఇన్నాను. మళ్ళీ సదివించి ఇన్నాను. మోటారు ఊసొచ్చింది, పిల్లి ఊసొచ్చింది, నా ఊసు రాలేదు. పంపు ఊసే వచ్చింది. టిక్కు ఆగకపోతే తీగ పీకీమన్నావు. ఇనీ ఇనీ అదే నోటికొచ్చీసింది.”

ఆది, పని తెలిసినవాణ్ణని నాకు గర్వం ఉంది. ఆ పూట ఆ ఎండలో నాకు సిగ్గేసింది. ఆమె నా కోసం చెవులు పెట్టుకుని వింటే నేను పంపు గురించి రాశాను. పంపు గురించి రాశాను కాబట్టి బతికి ఉంది. దీన్ని ఎలా తీసుకోవాలో నాకు తెలియడం లేదు. మళ్ళీ బానెట్ కిందకి వంగాను.

ముల్లు విప్పి దుమ్ము తుడవాలి, నీ డైరెక్టు తీగ తీసి కీ మీదుగా కలపాలి. చెయ్యి చాపాను, అలవాటుగా. పక్కన ఏమీ లేదు. లుంగీ మడత తడుముకున్నాను, చొక్కా జేబు చూసుకున్నాను. నేను స్క్రూడ్రైవరు కూడా తీసుకుని రాలేదు. ఇరవై ఏళ్ళలో పక్క వీధికి వెళ్ళినా జేబులో ఒకటి ఉంటుంది. కటక్ దాకా వెళ్దామని బయల్దేరినవాణ్ణి, ఉత్త చేతులతో బస్సెక్కాను.

మీ అక్క లేచి వచ్చి నా వెనక నిలబడింది. “పంపు సూడ్డానికి కాదేటి వచ్చినావు?” అంది.

“ఆఁ” అన్నాను.

“మరి పనిముట్లేవి?”

ఉత్త చేతులు చూపించాను. చెప్పాల్సిన అవసరం లేదని ఆమె ముఖం చూస్తే తెలిసింది. స్టవ్ కింద పెట్టి, “గెడ్డం గీసుకోలేదేటి” అంది. “నాను వత్తన్నానని ఆది రాసీసాడు కాదా?” అని కూడా అంది. నీ ఒట్టు సంగతి ఆమెకి చెప్పాను. నిన్ను తిట్టలేదు. కొంచెం తిట్టింది.

ఒక లారీ క్లీనరు దగ్గర స్క్రూడ్రైవరు అడిగి పని ముగించాను. ఫ్యూజు హోటలు పక్కనున్న రేడియో మెకానిక్కు ఇచ్చాడు. కీ తిప్పాం. గబగబా కొట్టి ఆగింది. కీ తీశాం, పలకలేదు. అందరం విన్నాం. మాస్టారు టోపీ తీసి ఏదో ప్రార్థన చేసుకున్నారు. అప్పుడు మీ అక్క చాలా దూరంగా వెళ్ళి, స్టవ్ వెలిగించి, అందరికీ టీ పెట్టింది. నిన్న పొద్దున మాస్టారు వాళ్ళు మా ఇంట్లో ఇడ్లీ తిని భీమిలికి బయల్దేరారు. ఆ ఎండిన దండ తియ్యనివ్వనంది మీ అక్క. భీమిలి చేరాక తీసుకోమంది.

పనిముట్ల మీద సిందూరం కడుక్కుని పని మొదలుపెట్టు. లారీ వాణ్ణి మళ్ళీ వెనక్కి పిలు. దండ పద్ధతి మార్చుదాం. పూజ రోజు పని పూర్తికాని బండికి పువ్వు ఒక్కటే పెడదాం, దండ వద్దు.

నూకాలమ్మకి ఒక మాట చెప్పు. పందెం ఆమే గెలిచింది. జూలైలో నీ ఉత్తరం వచ్చినప్పుడు “అక్క కూడా క్షేమం” అన్న చోటే ఆగిపోయాను. మిగతాది మర్నాడు చదివాను.

ఇది రాస్తుంటే మీ అక్క కుట్టు మిషను దగ్గర కూర్చుంది. పైకి చదివి వినిపించమంది. ఇక్కడిదాకా చదివాను. విని, లేచి వచ్చి, “నా ఊసు రాసినావు కదా, ఎక్కడుందో ఏలెట్టి సూపించు” అంది. ఆమెకి చదవడం రాదు కదా. నేను కాగితం మొత్తం మీద అరచెయ్యి పెట్టాను.

అప్పన్న